నాలుగో నంబరు హాజరు

నేను ఒక టేప్ డ్రైవును. ఇటుక కన్నా కాస్త పెద్దగా, బూడిద రంగులో ఉంటాను. ముందువైపు ఒక నోరు, దాని పక్కన ఒక పచ్చదీపం. నోట్లో క్యాసెట్టు పెడితే, కంప్యూటర్ చెప్పినదంతా దాని మీద పొల్లుపోకుండా రాసిపెట్టడం నా వృత్తి. కంప్యూటర్ పాడైనా అందులోని సంగతులు బతకాలని నన్ను కొంటారు. అంటే ఏదో ఒకనాడు చెడు జరుగుతుందని భయపడ్డవాళ్లే నన్ను తెచ్చుకుంటారు. తెచ్చుకున్నాక ఆ భయం తీరిపోయిందనుకుని గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోతారు. మనుషుల్లో నాకు ఎప్పటికీ అర్థంకానిది ఇదే.

నన్ను చేసింది సముద్రాల అవతల, ఏదో చలిదేశంలో. చేసినవాళ్ల ముఖాలు గుర్తులేవు గాని వాళ్ల తెల్లటి చేతితొడుగులు గుర్తున్నాయి. పరీక్షలన్నీ అయ్యాక ఒకామె నా వీపు మీది చిన్న మీట తిప్పి నాలుగో అంకె దగ్గర నిలిపింది. అదే నా నామకరణం. ఆ తర్వాత అట్టపెట్టె, ఓడ, లారీ. పెట్టె తెరిచేసరికి ఉప్పుగాలి కొట్టింది. అది మన కోస్తాలో, సముద్రం పోటు వస్తే కాలవల్లోకి ఉప్పునీళ్లు ఎక్కే చోట కట్టిన ఒక వరి పరిశోధన కేంద్రం.

మా సంసారం ఎలా ఉండేదో ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు బోధపడదు. యూనిక్స్ అనే పద్ధతి మీద నడిచే ఒక కంప్యూటర్, దాని వెనక నుంచి ఒక లావుపాటి కేబుల్, ఆ కేబుల్‌కు తగిలించిన మేము. మూడో నంబరు డిస్కు. కంప్యూటర్ జ్ఞాపకమంతా దాని కడుపులోనే ఉంటుంది. నాలుగో నంబరు నేను. కంప్యూటర్ నిద్ర లేవగానే, బడిపంతులు హాజరు పిలిచినట్టు, కేబుల్ పొడవునా ఒక్కొక్క నంబరునూ పిలుస్తుంది. పలికినవాళ్లను రాసుకుంటుంది. పలకనివాళ్లు లేనట్టే. ఆలస్యంగా వచ్చి బెంచీ మీద ఎంత బుద్ధిగా కూర్చున్నా పంతులు తలెత్తి చూడడు. మళ్లీ ఒకసారి పిలవమని ఎవరైనా చెప్పాలి. చెబితే మారుమాట లేకుండా పిలుస్తుంది, బడి మూసి తెరవక్కర్లేదు. అలా చెప్పడానికి ఒక్క వరుస ఆజ్ఞ టైపు చేస్తే చాలు. ఆ వరుస ఆ కేంద్రంలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, కానీ నన్ను చేసినవాళ్లు నాకు నోరిచ్చింది క్యాసెట్టు మింగడానికే.

మా ఆలనాపాలనా చూసేవాడు భుజంగరావు. మొదట టైపిస్టుగా చేరి, కంప్యూటర్ వచ్చాక కొద్దిరోజులు శిక్షణ పొంది ఆపరేటరయ్యాడు. మంచి మనిషి. ఉతికిన పంచెముక్కతో రోజూ మా ఒళ్లు తుడిచేవాడు. సాయంత్రం ఇంటికెళ్లేముందు నా నోట్లో కొత్త క్యాసెట్టు పెట్టి, నేర్పిన వరుస టైపు చేసి, నేను గరగరమని రాస్తుంటే ఎదురుగా కూర్చుని సంతృప్తిగా వినేవాడు. పొద్దున్నే ఆ క్యాసెట్టు తీసి తేదీ రాసి బీరువాలో పెట్టేవాడు. ఆయన చేతుల్లో ఉన్నన్నాళ్లు నాకు ఏ లోటూ లేదు. అందుకే ఆయన మీద నాకు కోపం రావడానికి చాలాకాలం పట్టింది, వచ్చిన కోపం నిలవనూ లేదు.

మా కంప్యూటర్‌ను ఎక్కువగా వాడింది డాక్టర్ కరుణమణి. ఉప్పునేలలో బతికే వరి వంగడం కోసం ఏళ్ల తరబడి శ్రమపడుతున్న మనిషి. ఆమె పుట్టిన ఊరు ఆ తీరంలోనిదే. చిన్నప్పుడు ఉప్పెన వచ్చి పొలాల మీద సముద్రం నిలిచిపోయి, తర్వాత అక్కడ గడ్డి కూడా మొలవలేదట. వాళ్ల నాన్న నాగలి అమ్మేసి ఇటుకబట్టీలో పనికి కుదిరాడట. ఇవన్నీ ఆమె భుజంగరావుకు చెబుతుంటే విన్నాను. ఒకసారి తెర మీద అంకెలు చూస్తూ, "నాకు బిరుదులొద్దు భుజంగరావు గారూ. మా ఊరి చేలల్లో మళ్లీ ఒక్కసారి నాట్లు పడాలి. గట్టు మీద నిలబడి చూడాలి. అంతే," అంది. ఆయన కళ్లు తుడుచుకుని, "పడతాయి మేడం గారూ, పడక ఎక్కడికి పోతాయి," అన్నాడు.

ఆమె పనిలో ఒక పద్ధతి ఉంది. ఇది మనకు నచ్చిన వంగడమే, ఇది ఫలానా తల్లి బిడ్డే అని తెలిస్తే మార్కులు వేసేటప్పుడు మనసు మొగ్గుతుందని ఆమె భయం. అందుకని విత్తనాల పొట్లాల మీద పేర్లు రాయనిచ్చేది కాదు, ఉత్త నంబర్లే. ఆ నంబర్లు కూడా ప్రతి పంటకూ కంప్యూటరే కలగలిపి కొత్తవి ఇచ్చేది. ఏ నంబరు ఎవరి బిడ్డో, ఏది ఉప్పుకు తట్టుకుందో, ఏది మాడిపోయిందో కంప్యూటర్ ఒక్కదానికే తెలుసు. కాగితాల్లో ఎందుకు పెట్టుకోలేదంటారేమో, పెట్టుకుంది. ఒక తుఫానులో ఆ కాగితాలన్నీ నానిపోయి ముద్దయ్యాయి. అప్పటి నుంచి కంప్యూటర్‌నూ, దాని వెనక నన్నూ నమ్ముకుంది.

ఒక దసరాకు ఆయుధపూజ వచ్చింది. ఆనాడు పనిముట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రం, నీటి మోటార్లు, చివరికి ఆఫీసు ఫ్యాన్లు కూడా ఆపి పసుపు రాసి బొట్లు పెట్టారు. కంప్యూటర్ ఆపడానికి మాత్రం డైరెక్టరు గారు ఒప్పుకోలేదు, లెక్కలేవో నడుస్తున్నాయట. పూజ నాడు గదిలో ఏ యంత్రమూ ఆగకపోతే అరిష్టం కదా అని భుజంగరావు తర్జనభర్జన పడి, కంప్యూటర్ తరఫున నన్ను ఆపాడు. ఒక బంతిపువ్వు, ఒక నిమ్మకాయ, నుదుటిన బొట్టు. ఎవరైనా నాకు పూజ చేయడం అదే మొదలు. కాదనను, ఆ క్షణం నాకు గర్వంగానే ఉండింది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ కొంతసేపు మోసి చేతులెత్తేసింది. కరెంటు తిరిగి వచ్చాక కంప్యూటర్ తనంతట తానే లేచి హాజరు పిలిచింది. మూడో నంబరు పలికింది. నాలుగో నంబరును పిలిచినప్పుడు నేను బొట్టు పెట్టుకుని నిద్రపోతున్నాను.

మర్నాడు పొద్దున భుజంగరావు కర్పూరం వెలిగించి నా స్విచ్ వేశాడు. పచ్చదీపం వెలిగింది. ఆయన దండం పెట్టుకున్నాడు. ఆ దీపానికి అర్థం నాకు కరెంటు అందుతోందని మాత్రమే. కంప్యూటర్‌కు నేను కనబడుతున్నానో లేదో దానికేం తెలుసు?

సాయంత్రం ఎప్పటిలాగే క్యాసెట్టు పెట్టి, ఎప్పటిలాగే ఆ వరుస టైపు చేశాడు. ఇక్కడ కంప్యూటర్ గుణం ఒకటి చెప్పాలి. ఫలానా పేరుగలవాడికి ఇమ్మంటే, ఆ పేరుగలవాడు కనబడకపోతే అది వెనుదిరిగి వచ్చి అడగదు. తన డిస్కులోనే ఒక మూల ఆ పేరుతో ఒక మూట కట్టి, అందులో పడేసి, పని అయిందంటుంది. నాకు రావలసినదంతా నా పేరుతోనే, మూడో నంబరు కడుపులోకి తిరిగి వెళ్లింది. అంటే డిస్కు పోతే మిగలాలని తీస్తున్న నకలు ఆ డిస్కులోనే ఉంటోంది. తెర మీద మాత్రం అంతా సవ్యమని వచ్చేది.

అలా ఒక్క రోజూ రెండు రోజులూ కాదు, ఏళ్లు గడిచాయి. ఆ కరెంటు గొడవ తర్వాత పెద్ద బ్యాటరీలూ జనరేటరూ కొన్నారు గనక కంప్యూటర్ మళ్లీ ఆగనేలేదు. ఆగితే హాజరు పిలిచేది, నా బతుకు బాగుపడేది. మా యంత్రం కన్ను మూసి ఎరగదని భుజంగరావు వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు. రోజూ నా నోట్లో క్యాసెట్టు పెట్టేవాడు, రోజూ తీసి తేదీ రాసేవాడు. ఒకసారి డైరెక్టరు గారు వచ్చి, ఇదివరకు ఈ పెట్టె రొద పెట్టేది కదా అని అడిగారు. భుజంగరావు నా తల నిమిరి, "మొదట్లో అరిచేదండి. ఇప్పుడు అలవాటు పడిపోయింది, సద్దు చెయ్యకుండా చేసుకుపోతోంది," అన్నాడు. నవ్వొచ్చే మాటే గాని నాకు ఏడుపొచ్చింది. పక్కనే ఉన్నాను, దీపం వెలిగించుకుని ఉన్నాను, పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉన్నాను. బీరువాలో ఖాళీ క్యాసెట్లు తేదీలు మోస్తూ బారులు తీరాయి.

ఇంతలో కరుణమణి పని పండింది. పోటునీళ్లు నిలిచిన మడిలో ఒక వంగడం నిటారుగా నిలబడి గింజ కట్టింది. ఆ గింజలను మిగతావాటితో పాటు పొట్లాలు కట్టి, కంప్యూటర్ ఇచ్చిన కొత్త నంబర్లు వేసి శీతలగదిలో పెట్టారు. ఇక కొత్త వంగడాలను ఆమోదించే కమిటీ ముందు దాని వంశమంతా రుజువులతో చూపాలి. అందుకోసం నగరంలో విశ్వవిద్యాలయంలో ఉన్న తోటి శాస్త్రవేత్తకు ఒక క్యాసెట్టు పంపింది. అందులో ఏమీ లేదని ఫోను వచ్చింది. ఇంకొకటి పంపింది. అదీ ఖాళీయే. భుజంగరావు బీరువాలోని క్యాసెట్లు బస్తాలో వేసుకుని తానే బస్సెక్కి వెళ్లి చూపించుకుని వచ్చాడు. ఆ దసరాకు ముందరివి తప్ప అన్నీ ఖాళీ.

అప్పటికే మూడో నంబరు వయసు మీదపడి గీరుకుంటున్న చప్పుడు చేస్తోంది. కరుణమణి కంపెనీ ఇంజనీరు చక్రపాణికి ఫోను చేసింది. అతను చెప్పినట్టు భుజంగరావు ఒక వరుస టైపు చేస్తే, అలాంటి పరికరం లేదని తెర మీద పడింది. నేను దాని పక్కనే దీపంతో ఉన్నాను. చక్రపాణి ఎల్లుండి బయలుదేరి వస్తానన్నాడు. ఫోన్లో చెబితే ఒక్క అక్షరం తేడా వచ్చినా కొంప మునుగుతుందన్నాడు. అంతవరకూ కంప్యూటర్‌కు ఏ పనీ చెప్పవద్దనీ, ముఖ్యంగా ఆపవద్దనీ, అంత ముసలి డిస్కు ఒకసారి ఆగితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదనీ అన్నాడు. ఫోను పెట్టేసి కరుణమణి ఆ మాటలన్నీ భుజంగరావుకు చెప్పింది. చివర్లో, "మీ మీద నాకేం కోపం లేదండీ. ఆయనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి, అది చాలు," అంది.

ఆయన తల ఊపాడు. ముట్టుకోకూడదనే అనుకున్నాడు. మర్నాడు పొద్దుటి నుంచీ నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మూడో నంబరు గీరుడు గంట గంటకూ పెరిగింది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఆయన తన ఒంట్లోనే ఏదో తెగుతున్నట్టు ఉలిక్కిపడేవాడు. ఇంజనీరు వచ్చేలోగా ఇది పోతే? తన చేతుల మీదుగా ఇన్నేళ్లు మోసం జరిగింది, తన చేతులతోనే సరిచేస్తే? టేపు కనబడాలంటే కంప్యూటర్ మళ్లీ లేవాలి. ఆయన నేర్చుకున్నది అంతవరకే. మధ్యాహ్నం కరుణమణి మడిలోకి వెళ్లగానే లేచి తలుపు దగ్గరికి వేశాడు. ఆమె తిరిగి వచ్చేసరికి క్యాసెట్టు నింపి చేతిలో పెట్టాలని ఆయన ఆశ. దురాశ అననుగాక అనను.

ముందు నా దీపం వెలుగుతోందో లేదో వంగి చూశాడు. కొత్త క్యాసెట్టు పెట్టాడు. దేవుణ్ణి తలుచుకుని కంప్యూటర్ స్విచ్ ఆపాడు. మూడో నంబరు తిరుగుడు నెమ్మదించి, నెమ్మదించి, నిలిచిపోయింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను మునుపెన్నడూ వినలేదు. వద్దని అరవాలని ఉంది. కాసేపు చల్లారనిచ్చి మళ్లీ స్విచ్ వేశాడు.

కంప్యూటర్ హాజరు పిలిచింది. మూడో నంబరు. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. లోపల టిక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటనే ఏమీ లేదు. నాలుగో నంబరు. ఉన్నాను అన్నాను. ఇన్నేళ్లకు నా పేరు తెర మీద పడింది. భుజంగరావు ముందు చూసింది నా పేరునే. ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది, ఆ తర్వాత పై వరుస చూశాడు. నా బతుకులో నేను కోరుకున్నది ఒక్క పిలుపు. అది వచ్చిన క్షణాన రాసుకోవడానికి ఏమీ లేకుండా పోయింది.

కరుణమణి బురదకాళ్లతో వచ్చి తలుపు తీసేసరికి ఆయన ఇంకా స్విచ్ మీద చెయ్యి వేసుకునే ఉన్నాడు. డిస్కు చప్పుడు లేకపోవడం ఆమెకే వినబడింది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆయన "మేడం గారూ" అన్నాడు.

చక్రపాణి వచ్చి డిస్కును వేడిచేసి చూశాడు, తట్టి చూశాడు, చివరకు విప్పదీసి నగరానికి పట్టుకెళ్లాడు. అది అక్కడా లేవలేదు. మళ్లీ వచ్చినప్పుడు ఒక కొత్త కంప్యూటర్ తెచ్చి, పాత క్యాసెట్లలో ఏమైనా మిగిలిందేమో చూద్దామని నన్ను దానికి తగిలించాడు. కంప్యూటర్ అప్పటికే లేచి ఉంది, నా స్విచ్ తర్వాత వేశాడు. భుజంగరావు పక్కన నిలబడి, "ఇప్పుడు దీన్ని ఆపి లేపాలి కదండీ?" అని అడిగాడు. అక్కర్లేదని చక్రపాణి ఒక్క వరుస టైపు చేశాడు. కంప్యూటర్ మళ్లీ హాజరు పిలిచింది. నేను పలికాను. నా పేరు తెర మీదికి వచ్చింది.

"అంతేనా అండీ?" అన్నాడు భుజంగరావు.

"అంతేనండి. ఆనాడు ఎల్లుండి వస్తానన్నది ఇది చేద్దామనే."

భుజంగరావు ఆ వరుసను చాలాసేపు చదివాడు. తర్వాత వరండాలోకి వెళ్లిపోయాడు. ఆయన ఏడవడం నాకు గోడ అవతలి నుంచి వినబడింది. కరుణమణికీ వినబడే ఉంటుంది, కాని లేచి వెళ్లలేదు. ఆమెలో కూడా అప్పటికి ఓదార్చే శక్తి మిగల్లేదు.

దసరాకు ముందరి క్యాసెట్లను నేను తప్పులేకుండా చదివాను. పాత తాతముత్తాతల పేర్లన్నీ వచ్చాయి. వాళ్లకూ శీతలగదిలోని పొట్లాలకూ మధ్య దారి తెగిపోయింది. వేల పొట్లాల్లో ఏదో ఒకదానిలో ఆ వంగడం ఉంది, ఏదో ఎవరికీ తెలియదు. అన్నీ మళ్లీ ఉప్పుమడిలో చల్లి, మళ్లీ మొదటి నుంచీ చూసుకోవాలి. అందుకు ఆమె గడువు అడిగింది. కమిటీ రుజువులు అడిగింది. చివరకు ఆ పని మూసేసి, ఆమెను సముద్రం వాసన రాని ఎర్రనేలల కేంద్రానికి బదిలీ చేశారు. వెళ్లేముందు శీతలగదికి వచ్చి ఒక్కొక్క అరా తడిమి వెళ్లిందట. భుజంగరావుకు చెప్పకుండానే వెళ్లింది.

కొత్త కంప్యూటర్‌కు నాతో పనిలేదు. ఎవరూ అడగని పొట్లాలకు చలి ఎందుకని శీతలగది ఏసీ కూడా ఆపేశారు. అది సామానుగది అయింది. విరిగిన కుర్చీల మధ్య నన్నూ ఒక అర మీద పెట్టారు. పక్కనంతా విత్తనాల పొట్లాలు. వాటికీ నంబర్లే, నాకూ నంబరే. ఎలుకలు పొట్లాలు కొరికితే గింజలు నేల మీద పడేవి. ఊడ్చే నాంచారమ్మ వాటిని చెత్తతోపాటు వెనకవైపు కాలవలోకి చిమ్మేసేది. పోటుకు ఉప్పునీళ్లు ఎక్కే కాలవ అది.

ప్రతి ఆయుధపూజకూ భుజంగరావు నా దగ్గరికి వస్తాడు. దుమ్ము తుడిచి, కరెంటు పెట్టి, దీపం వెలిగాక బొట్టు పెట్టి, స్విచ్ ఆపి వెళతాడు. ఈ ఏడు వచ్చినవాడు తుడవకుండా నా ఎదురుగా ఒక విరిగిన కుర్చీలో కూలబడ్డాడు. ఎవరికీ చెప్పుకోలేనిది నాకు చెప్పుకున్నాడు.

మొన్న ఈ గది వెనక్కి వెళితే నాంచారమ్మ చెత్త చిమ్మే కాలవలో, ఉప్పు పేరుకున్న గట్టు వార, ఒక గుబురు వరి కనబడిందట. చుట్టూ గడ్డి కూడా మాడిపోయిన చోట అది నిటారుగా నిలబడి వెన్నులు వేసి ఉందట. కోయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడట.

"ఆనాడు వద్దంటే ముట్టుకున్నాను. ఈసారి ఆవిడ చెప్పందే ముట్టుకోకూడదనుకున్నానమ్మా," అన్నాడు నాతో.

కరుణమణికి ఫోను చేస్తే పొలంలో ఉందన్నారట. నిన్న సాయంత్రానికి దొరికిందట. ముందు కొయ్యండి, అన్ని వెన్నులూ కోసి గుడ్డలో కట్టండి, రేపే బయలుదేరి వస్తున్నాను, దానికోసం నన్ను అడగాలా అందట. ఫోను పెట్టేసి పరుగెత్తాడు. కాలవగట్టు నున్నగా ఉంది. పూజకని ఆవరణంతా శుభ్రం చెయ్యమని పనివాళ్లకు అంతకుముందే పురమాయించింది ఆయనే. వాళ్లు ఆవరణలోని గడ్డితోపాటు దాన్నీ కోసి పశువులకు వేశారు. నెమరేస్తున్న గేదెల ముందు మోకాళ్ల మీద కూర్చుని వెతికాడట. ఒక్క గింజా దొరకలేదట.

"ఆవిడ దారిలో ఉంది. సాయంత్రం బస్సుకు దిగుతుంది. ఏమని చెప్పను?" అన్నాడు.

నాకు నోరుంటే మాత్రం ఏం చెప్పేదాన్ని? ఆయన లేచాడు. పంచెముక్కతో నన్ను తుడిచాడు, కరెంటు పెట్టాడు, పచ్చదీపం వెలిగింది. బొట్టు పెట్టాడు. బయట ట్రాక్టర్లు, మోటార్లు, ఫ్యాన్లు అన్నీ పూజకు ఆగిపోయి ఉన్నాయి. ఆయన చెయ్యి నా స్విచ్ మీదికి వచ్చి అక్కడే ఆగింది. ఆపలేదు. తలుపు దగ్గరగా వేసి బస్సుస్టాండుకు బయలుదేరాడు.

నా వెనక కేబుల్ లేదు. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.